మోటారు కొనేముందు సైకిలు సంగతి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ తాతగారి పాత సైకిలుకు మోటారు బిగించుకొని మంగళగిరి నుంచి బెజవాడకు ఉద్యోగానికి వెళ్ళివస్తానని రాశావు, చాలా సంతోషం. పెట్రోలు ఇంజను ఆలోచన మాత్రం మానుకో, అది 25 సీసీ దాటితే రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కడానికి వీల్లేదు. కరెంటు మోటారునైనా 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల వేగం లోపు ఉంటేనే కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనాల లెక్కలో వేయవు కనుక, దుకాణంలో అదే ధరకు 350 వాట్లది ఇస్తామన్నా ఆశపడకు.

నీ దగ్గరున్న డబ్బులో మొదటి ఖర్చు సైకిలుకు పెట్టు. ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిలును అటూ ఇటూ తిప్పి చూడు. ఎక్కడైనా పట్టినట్టుంటే హ్యాండిలు కింది బేరింగు కప్పులు, గుళ్ళు మార్పించు. ఆ సైకిలుకున్న కడ్డీ బ్రేకులు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటాయి. మోటారు కిట్టుతో వచ్చే రిమ్ముకు సాధారణంగా పక్కల నుంచి పట్టే బ్రేకులే సరిపోతాయి కాబట్టి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో. బ్యాటరీ బరువుతో ఇరవై పైన వేగంతో వారధి దిగుతున్నప్పుడు నిన్ను ఆపవలసింది ఆ బ్రేకులే.

పాత సైకిళ్ళకు వెనక ఫోర్కు ఇరుకుగా ఉంటుంది, అందుకే ముందు చక్రంలో మోటారు పెట్టడం తేలిక. నేనూ అలాగే పెట్టాను, కానీ కిట్టులో వచ్చిన కొక్కెం వాషర్లను పనికిరానివనుకొని పక్కన పడేశాను. మూడో రోజు ఎత్తు ఎక్కుతూ యాక్సిలేటర్ గట్టిగా తిప్పేసరికి ఇరుసు ఫోర్కు గాడిలో గిర్రున తిరిగి, దానిలోంచి వచ్చే వైర్లను మెలిపెట్టి తెంపేసింది. చక్రం ఊడిపోకపోవడం నా అదృష్టం. మోటారు ఎంత బలంతో చక్రాన్ని ముందుకు తిప్పుతుందో, అంతే బలంతో ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఆ వాషరే. గాడి ఇరుకైతే ఆకురాయితో రెండు వైపులా సమానంగా అరగదీయి. అల్యూమినియం ఫోర్కుకు మాత్రం ఈ పని వద్దు, ఇనుప ఫోర్కే ఉండాలి. వైరును ఇరుసు దగ్గర కిందికి వేలాడేలా ఒక వంపు తిప్పి కట్టు, వాననీరు మోటారులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

ఖర్చులో పెద్ద భాగం బ్యాటరీదే. తొక్కుతూ వెళితే కిలోమీటరుకు పది పన్నెండు వాట్-అవర్లు పడుతుంది. రానూపోనూ పాతిక కిలోమీటర్లకు 36 వోల్టులు, 10 యాంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, అంటే 360 వాట్-అవర్లది, సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్ సెల్లులతో కట్టిన చవక బ్యాటరీ జోలికి పోకు. మామూలు లిథియం అయాన్‌లో 36 వోల్టుల బ్యాటరీ 42 వోల్టుల దగ్గర నిండుతుంది, పన్నెండు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం 43.8 దగ్గర నిండుతుంది. ఫాస్ఫేటు రకం చార్జరు మామూలు దానికి పెడితే ఇల్లు అంటుకోవచ్చు. ఎండలో నుంచి రాగానే చార్జింగు పెట్టకు, నిద్రపోయేటప్పుడు అసలు పెట్టకు. బ్యాటరీ ప్లస్ వైరుకు ఫ్యూజు తప్పనిసరి.

మోటారు కదలకపోతే, దానికి కరెంటును అదుపుచేసి ఇచ్చే కంట్రోలరు పోయిందనుకొని వెంటనే కొత్తది కొనకు. బ్రేకు పట్టగానే మోటారును ఆపే స్విచ్చు ఒకటి బ్రేకు పిడిలో ఉంటుంది, అది ఇరుక్కుపోయిందేమో ఆ వైరు ఊడదీసి చూడు, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. తర్వాత మల్టీమీటరుతో యాక్సిలేటర్ సిగ్నల్ వైరును చూడు; వదిలినప్పుడు సుమారు ఒక వోల్టు, పూర్తిగా తిప్పినప్పుడు మూడున్నర పైన రావాలి. మోటారు గుర్రుమంటూ వణికితే మోటారు ఎంత తిరిగిందో కంట్రోలరుకు చెప్పే లోపలి హాల్ సెన్సర్ల కనెక్టరు వదులైనట్టు అనుమానించు.

మొదటి వారం రోజూ పానాతో ఇరుసు నట్లు బిగించి చూసుకో. కొక్కెం వాషర్లు నా దగ్గర ఒక జత ఉన్నాయి, అత్తయ్య వచ్చేటప్పుడు పంపిస్తాను. అవి చేరేదాకా మోటారు బిగించకు.

ఇట్లు,
మీ మామయ్య