గుర్రం పళ్ళు: ముందు లద్ది చూడు, తర్వాత నోరు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవెనలు.

గుర్రం చిక్కిపోతోందని రాశావు. దాణా పెంచేముందు, నట్టల మందు పట్టించేముందు పళ్ళ సంగతి తేల్చుకో. ఎద్దుకైతే నెమరు ఉంది. గుర్రానికి మొదటిసారి నమిలిందే నమలడం, అది సరిగా లేకపోతే కడుపునొప్పి దాకా పోతుంది.

తెల్లవారి తొట్టి కింద వెతుకు. సగం నమిలి, ఎంగిలితో చుట్టుకుపోయి ఉండలా పడిన గడ్డి కనబడితే అనుమానం పళ్ళ మీదే. లద్ది ఉండను వేళ్ళతో విప్పు. పోచలు అంగుళం పొడవున, ఉలవలు గింజకు గింజ ఉంటే నమలడం లేదన్నమాట. తల ఓ పక్కకు వంచి తినడం, కళ్ళెం వేస్తే తల విదిలించడం కూడా గుర్తులే.

ఎందుకంటే, గుర్రం నమిలే పళ్ళు ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లు పైకి వస్తూనే ఉంటాయి, అంత మేరా అరగాలి. పై దవడ కిందిదానికన్నా వెడల్పు. అందుకే పై పళ్ళ బయటి అంచు, కింది పళ్ళ లోపలి అంచు అరగక మొన తేలతాయి. పైవి బుగ్గను, కిందివి నాలుకను కోస్తాయి. కొట్టంలో కట్టేసి గింజలు ఎక్కువ పెడితే దవడ పక్కలకు తక్కువ ఆడుతుంది, మొనలు ఇంకా త్వరగా వస్తాయి.

తాడు ఒకరు పట్టుకోవాలి. నువ్వు ఎదురుగా కాకుండా పక్కన నిలబడు. నోటి మూల నుంచి కంటి కింది దాకా, బయటినుంచే, బుగ్గను పై పళ్ళకేసి మెల్లగా నొక్కుతూ పో. తల లాక్కున్నచోట మొన ఉండొచ్చు. రెండో వైపూ అలాగే చూడు. 3, 4 ఏళ్ళ గుర్రానికి కింది దవడ ఎముక వెంట రెండువైపులా సమంగా గట్టి బొడిపెలుంటే పళ్ళు మారే వయసు, కంగారు వద్దు. ఒకవైపే వాచి వేడిగా ఉన్నా, ఒక ముక్కు నుంచే కంపుకొట్టే చీమిడి కారినా, జలుబని వదిలేయకు. పై వెనక పళ్ళ వేళ్ళు ముక్కు పక్క గాలిగదుల్లోకి ఉంటాయి, అక్కడ చీము పట్టి ఉండొచ్చు.

చెయ్యి మాత్రం లోపల పెట్టొద్దు, వేళ్ళు పోతాయి. పశువుల డాక్టరు మత్తిచ్చి, నోరు తెరిచి పట్టే ఇనుప చట్రం వేసి, మొనల వరకే ఆకురాయితో రాయాలి. నమిలే తలమంతా నున్నగా రాసేస్తే గడ్డి నలగదు. అయిదేళ్ళ లోపు ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి చూపించు.

అప్పటిదాకా ఉలవలు మెత్తగా ఉడికించి, లేత పచ్చగడ్డి పెట్టు. పొడి తవుడు వద్దు, గొంతులో అడ్డం పడుతుంది. డాక్టరు వచ్చేరోజుకి రెండు గడ్డి ఉండలు, ఒక లద్ది ఉండ తీసి ఉంచి చూపించు.

ఇట్లు,
మామయ్య