కొత్త ఉద్యోగానికి వెళ్తున్న అబ్బాయికి

చిరంజీవికి, ప్రభువు నామంలో వందనాలు.

హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, అందరి మధ్యా ఉంటూ దేవునికి ప్రత్యేకంగా ఎలా బతకాలి అని అడిగావు. ముందు బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం నిదానంగా చదువు. దానియేలు బబులోనుకు చెరగా వెళ్లిన యూదు యువకుడు. పేరు మారిస్తే ఊరుకున్నాడు. అక్కడి కల్దీయుల విద్య, భాష నేర్చుకున్నాడు, రాజు కొలువులో చేరాడు. వద్దన్నది రాజు భోజనం, ద్రాక్షారసం మాత్రమే. అదీ ముందే నిశ్చయించుకున్నాడు. పైఅధికారి భయపడితే గొడవకు దిగలేదు. పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడమని కింది అధికారిని వేడుకున్నాడు. మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. చిన్నవాటికి ముఖం మాడ్చుకుని, అసలు చోట లొంగిపోతారు.

ఆఫీసులో దసరాకు ఆయుధపూజ ఉంటుంది. ఆ రోజు సెలవు పెట్టి తప్పించుకోకు. రెండు రోజుల ముందే మేనేజరుగారితో, "హారతి, బొట్టు దగ్గర నేను ఉండనండీ, కుర్చీలు వేయడం, భోజనాల పని నాకు ఇవ్వండి" అని చెప్పు. అప్పటికప్పుడు చేయి వెనక్కి తీసుకుంటే అవతలివాళ్లకు అవమానంగా ఉంటుంది. తిండి సంగతి అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో తేల్చేశాడు: పెట్టింది ఆరా తీయకుండా తిను, ఇది విగ్రహాలకు అర్పించిందని ఎవరైనా చెబితే మానెయ్యి. సంక్రాంతి అరిసెలు, రంజాన్ హలీమ్ ఇంటికి పిలిచి పెడితే హాయిగా తిను. ప్రసాదమని చెప్పి ఇస్తే, "మేము తీసుకోమండీ, ఏమీ అనుకోకండి" అను, చాలు. అక్కడ ప్రసంగం వద్దు. వాళ్ల దేవుళ్లను వెక్కిరించే మెసేజీలు ఎవరికీ పంపకు.

ఆదివారం షిఫ్టు పడకూడదంటే రోస్టరు వేయకముందే అడగాలి, ఊరికే అడగకూడదు. దీపావళి, ఉగాది రోజుల్లో నేను చేస్తానని చెప్పు. చేరిన నెలలోపు దగ్గర్లోని చర్చి సంఘంలో కుదురుకో.

అబద్ధం విషయంలో మాత్రం గట్టిగా ఉండు. లేని అనుభవానికి సర్టిఫికెట్లు పుట్టించే కన్సల్టెన్సీలు అమీర్‌పేట చుట్టూ తగులుతాయి, వాటి జోలికి పోకు. జ్వరమని సెలవు పెట్టి సువార్త సభలకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. దానికంటే సభలు మానుకోవడం మేలు. దానియేలు శత్రువులు ఎంత వెతికినా అతని పనిలో తప్పు దొరకలేదని ఆరో అధ్యాయంలో ఉంది.

ఇక కట్నం. ప్రసాదం ముట్టని ఇళ్లే కట్నం లెక్కపెట్టి తీసుకుంటున్నాయి, సంబంధం చూసేటప్పుడు కులం అడుగుతున్నాయి. కానుక అని పేరు మార్చినా అది కట్నమే. 1961 నాటి చట్టం ప్రకారం ఇచ్చినా తీసుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు. సంబంధాలు మొదలయ్యాక చెబితే లాభం లేదు, అప్పటికి పెద్దవాళ్లు మాట ఇచ్చేసి ఉంటారు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడే మీ నాన్నగారితో ఒంటరిగా మాట్లాడు, గొంతు పెంచకు. చెల్లి పెళ్లికి చేసిన అప్పు ఎలా తీరుతుందని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. మొదటి జీతం నుంచే నెలనెలా ఇంత కడతానని అంకె చెప్పి, ఆ నెల నుంచే పంపించు.