శిక్ష పడలేదన్నారు, నోటీసు వచ్చింది

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలు, మా న్యాయవాదుల జవాబులు

ప్రశ్న: మాది తిరుపతి. మా ఆయన 2010లో ఎంఎస్ చదవడానికి టెక్సస్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో చేరారు. 2021 అక్టోబరులో గ్రీన్‌కార్డు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో తిరుమలలో మా పెళ్లయింది. నన్ను అక్కడికి పిలిపించుకునేందుకు ఐ-130 పిటిషన్ వేశారు, అది ఇంకా పెండింగే. నేను అత్తామామల దగ్గర ఉంటున్నాను. 2024 మార్చిలో ఆయన మీద దొంగతనం కేసు పెట్టారు. ఒక స్టోర్లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని సామాన్లు స్కాన్ చేయకుండా తెచ్చారని, నాలుగైదుసార్లవి కలిపితే 900 డాలర్లయిందని ఆరోపణ. ‘ఒప్పుకుంటే డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పు వాయిదా) ఇప్పిస్తా, రెండేళ్లు బుద్ధిగా ఉంటే కేసే లేనట్టు’ అని లాయరు చెబితే అలాగే చేశారు. జైలుకు పోలేదు. మొన్న ఇమిగ్రేషన్ కోర్టుకు రమ్మని నోటీసు వచ్చింది. శిక్షే పడనప్పుడు దేశం నుంచి ఎట్లా పంపిస్తారు? నేను ఇక్కడి నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ లాయరు చెప్పింది టెక్సస్ కోర్టు గడప వరకు నిజమే. ఇమిగ్రేషన్ చట్టం నిఘంటువు వేరు. కోర్టులో నేరం ఒప్పుకుని, దాని మీద జడ్జి ఏదో ఒక కట్టడి పెడితే చాలు, అది ‘కన్విక్షన్’ కిందే లెక్క. ప్రొబేషన్ కావచ్చు, జరిమానా కావచ్చు. తీర్పును వాయిదా వేశారా, తర్వాత కేసు కొట్టేశారా అన్నది అక్కడ పనికిరాదు. రెండేళ్లయ్యాక రికార్డు మూసేయించినా ఇమిగ్రేషన్ కళ్లకు అది తెరిచే ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే.

అయితే డిఫర్డ్ అడ్జుడికేషన్‌లో మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. దొంగతనం కేసులో ఏడాది, అంతకు మించి జైలుశిక్ష రాసి ఉంటే అది ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో తీవ్ర నేరం, ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ అవుతుంది. రాష్ట్రం దాన్ని చిన్న నేరం అన్నా సరే, శిక్షను సస్పెండ్ చేసి ఒక్క రోజు కూడా లోపల పెట్టకపోయినా సరే. 364 రోజులకూ 365 రోజులకూ మధ్య ఒక సంసారం తేడా. డిఫర్డ్ ఉత్తర్వులో జైలుశిక్ష అంటూ ఏదీ రాయరు కాబట్టి మీవారు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. కానీ ప్రొబేషన్ షరతు తప్పితే జడ్జి దాన్ని రద్దు చేసి, ఈ క్లాస్ ఏ నేరానికి (టెక్సస్‌లో చిన్న నేరాల్లో పై మెట్టు) ఏడాది వరకు శిక్ష రాయగలడు. అప్పుడు గీత దాటినట్టే. అందుకే ప్రొబేషన్ ఆఫీసరు దగ్గర హాజరు, నెలనెలా ఫీజు, సమాజసేవ గంటలు, క్లాసులు, ఏవీ తప్పకూడదు. ప్రతిదానికీ రసీదు దాచమనండి.

ఇక నోటీసు సంగతి. దాని పేరు నోటీస్ టు అప్పియర్, ఫారం ఐ-862. అందులో అంకెలు వేసి కొన్ని వాక్యాలు, చివర చట్టం సెక్షను ఉంటాయి. మీవారి విషయంలో ఆ సెక్షను బహుశా 237(ఏ)(2)(ఏ)(ఐ) అయి ఉంటుంది. అంటే అమెరికాలోకి ప్రవేశించిన 5 ఏళ్లలోపు నైతిక పతనం కిందికి వచ్చే నేరం చేయడం, ఆ నేరానికి ఏడాది శిక్ష వేసే వీలుండడం. దొంగతనం ఆ కోవలోకే వస్తుంది. మరి ఆ ఐదేళ్లు ఎప్పటినుంచి? 2021లో గ్రీన్‌కార్డు వచ్చిన రోజు నుంచి అనుకుంటే 2024 మార్చి లోపలే పడుతుంది. కానీ అక్కడ ఉంటూనే గ్రీన్‌కార్డుకు మారినవారికి, నేరం నాటికి ఏ ప్రవేశం ఆధారంగా ఆ దేశంలో ఉన్నారో ఆ తేదీ చూడాలని బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ 2011లో అల్యజ్జీ కేసులో చెప్పింది. మీవారు గ్రీన్‌కార్డుకు ముందు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద చివరిసారి ఎప్పుడు ఇండియా వచ్చి తిరిగి వెళ్లారు? అది నేరం జరిగిన రోజుకు ఐదేళ్ల కంటే ముందైతే గడువు దాటిపోయినట్టే, ఆ సెక్షనే అతకదని వాదించవచ్చు. 2023లో పెళ్లికి వచ్చి వెళ్లింది గ్రీన్‌కార్డు మీద చేసిన చిన్న ప్రయాణం కాబట్టి మామూలుగా కొత్త ప్రవేశం కిందకు రాదు.

మీరు ఇక్కడి నుంచి చేయగలిగిన మొదటి పని ఇదే. పాస్‌పోర్టు రెన్యువల్ చేసినప్పుడు అట్ట మూల కత్తిరించి తిరిగిచ్చిన పాత పుస్తకాలు ఇళ్లలో బీరువా లాకర్లో, పెళ్లి కార్డుల కింద పడి ఉంటాయి. రద్దయింది కదా అని పారేసేవాళ్లూ ఉన్నారు. మీ అత్తగారింట్లో అలాంటిది ఉంటే అన్ని పేజీలూ, ఖాళీవాటితో సహా, రంగుల్లో స్కాన్ చేసి పంపండి. తేదీ ముద్ర అలికినట్టుంటే ఆ ఒక్క పేజీని పగటి వెలుతురులో విడిగా ఫోటో తీయండి. గత పదేళ్ల రాకపోకలు అమెరికా ప్రవేశ రికార్డైన ఐ-94 వెబ్‌సైటులోనూ దొరుకుతాయి. రెండూ సరిచూడాలి, ఒక్కోసారి పొంతన ఉండదు.

మొదటి విచారణ పేరు మాస్టర్ క్యాలెండర్ హియరింగ్. అయిదు పది నిమిషాలే. ‘ఈ వాక్యాలు ఒప్పుకుంటారా?’ అని జడ్జి అడుగుతారు. గ్రీన్‌కార్డు ఉన్నవారిని పంపించే కారణం ఉందని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో రుజువు చేయాల్సింది ప్రభుత్వం. మర్యాద కోసమో భయం వల్లో అన్నింటికీ ‘యెస్’ అంటే ఆ బరువు మనమే నెత్తికెత్తుకున్నట్టు. లాయరు ఇంకా కుదరకపోతే గడువు అడగమనండి. ప్రభుత్వం ఖర్చుతో లాయరును ఇవ్వరు. విచారణకు వెళ్లకపోతే మాత్రం ఆయన లేకుండానే రిమూవల్ (దేశం నుంచి పంపించివేత) ఉత్తర్వు వేస్తారు. బలమైన కారణం చూపి దాన్ని తిరగదోడమని అడగడానికి ఉండేది 180 రోజులే. ఇల్లు మారితే 5 రోజుల్లో ఈఓఐఆర్-33 ఫారంతో కోర్టుకు తెలపాలి. నోటీసు పాత అద్దె ఇంటికి పోయి కేసు ఓడినవాళ్లున్నారు.

సెక్షను అతికిందనే అనుకుందాం. అప్పుడు మిగిలేది పంపించివేతను రద్దు చేయమని అడిగే క్యాన్సలేషన్ ఆఫ్ రిమూవల్, ఫారం ఈఓఐఆర్-42ఏ. మూడు అర్హతలు కావాలి: గ్రీన్‌కార్డుతో 5 ఏళ్లు, ఏదో ఒక హోదాలో ప్రవేశించాక 7 ఏళ్ల నివాసం, అగ్రవేటెడ్ ఫెలనీ లేకపోవడం. ఏడేళ్ల గడియారం నేరం జరిగిన రోజుతో గానీ నోటీసు అందిన రోజుతో గానీ ఆగిపోతుంది. మీవారు 2010 నుంచి ఉన్నారు కాబట్టి చింత లేదు. ఐదేళ్ల గడియారం అలా ఆగదు, కేసు నడుస్తున్నా తిరుగుతూనే ఉంటుంది. 2021 అక్టోబరు అంటే 2026 అక్టోబరుకు నిండుతుంది. కాబట్టి తొందరపడే లాయరు ఇక్కడ మీకు మేలు చేయడు. తేదీలు ముందు వేసుకుని పని చేసేవాడు కావాలి.

అర్హత ఉన్నంత మాత్రాన ఇవ్వాలని లేదు, జడ్జి మంచిచెడులు తూకం వేస్తారు. ఒక మాట నిష్ఠూరంగానే చెప్పాలి. మీరు తిరుపతిలో ఉన్నారు కాబట్టి మీ కన్నీళ్లకు ఆ త్రాసులో ఉండే బరువు తక్కువ. అక్కడి సంబంధాలు, ఇన్నేళ్లుగా కట్టిన పన్నులు, ఉద్యోగం, స్టోరుకు డబ్బు తిరిగి కట్టిన రసీదు, చేసిన తప్పును దాచకుండా ఒప్పుకోవడం, వీటి బరువు ఎక్కువ. అలాగని మీ వాంగ్మూలం వృథా కాదు. మామగారికి మందులు, అప్పు వాయిదాలు, ఇంటి ఖర్చు ఆయన పంపే డబ్బుతోనే నడుస్తుంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు, రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో ఇచ్చిన చీటీలు జతచేసి రాయండి. స్టాంపు పేపరు మీద ‘మా అల్లుడు చాలా మంచివాడు’ అని అందరూ ఒకే వాక్యం రాసి పది అఫిడవిట్లు పంపితే జడ్జి మొదటిదే చదువుతారు. ఎవరికి తెలిసింది వాళ్లు, తేదీలతో, రూపాయలతో రాయాలి. తెలుగులో చేత్తో రాసినా పర్వాలేదు. దానికి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. రెండు భాషలూ తనకు వచ్చనీ, అనువాదం సరైనదనీ అనువాదకుడు పేరు రాసి సంతకం చేసిన పత్రం జతపరచాలి. అది లేకుంటే కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. పెళ్లికి ఆధారంగా కొండమీది రసీదు, ఫోటోలు సరిపోవు. వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి.

మరో దారి పాత ఒప్పుకోలు మీదే దాడి చేయడం. నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ పరంగా ఏమవుతుందో క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడీల్లా తీర్పులో చెప్పింది. ‘కేసే లేనట్టు’ అని మాత్రమే చెప్పి ఉంటే టెక్సస్‌లో ఆర్టికల్ 11.072 కింద ఆ ఒప్పుకోలు చెల్లదని హేబియస్ పిటిషన్ వేయవచ్చు. ఆ లాయరు పంపిన ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు ఒక్కటీ చెరపొద్దు. చట్టపరమైన లోపం వల్ల ఆ ఒప్పుకోలును కొట్టేస్తేనే ఇమిగ్రేషన్ కోర్టు దాన్ని లేనట్టు చూస్తుంది. ‘పాపం, దేశం విడిచి పోవాల్సి వస్తుంది’ అన్న జాలితో కొట్టేస్తే చూడదు. పిటిషన్ భాష రాయించేటప్పుడే ఈ జాగ్రత్త పడాలి. రెండు పనులకూ ఒక్క లాయరే సరిపోకపోవచ్చు. క్రిమినల్ కోర్టు క్లర్కు దగ్గర ఫిర్యాదు, ప్లీ (ఒప్పుకోలు) పత్రం, ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు తీయకముందు ఎవరు ఏ సలహా ఇచ్చినా అది ఊహే.

గంగమ్మ జాతర అన్నా, బ్రహ్మోత్సవాలన్నా, మామగారికి బాగోలేదన్నా, ఇప్పుడాయన్ను రమ్మనకండి. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా నిలబెట్టవచ్చు. పౌరసత్వానికి దరఖాస్తు కూడా వద్దు, ఈ కేసు నడుస్తుండగా దాన్ని తేల్చరు. మీ ఐ-130 ఆయన గ్రీన్‌కార్డును పట్టుకునే ఉంది. తుది రిమూవల్ ఉత్తర్వు పడితే దానితో పాటే పోతుంది. ఈలోగా చూసొద్దామని మీరు టూరిస్టు వీసాకు వెళ్తే, మీ తరఫున ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అడుగుతారు. ‘లేదు’ అని పెట్టించే ఏజెంట్లుంటారు. ఆ ఒక్క అబద్ధం మీమీద జీవితకాలపు ముద్ర. ‘లోపల మనిషి ఉన్నాడు, సెట్ చేస్తా’ అని లక్షలు అడిగేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. నిజమైన లాయరుకు బార్ నంబరు ఉంటుంది, రాష్ట్ర బార్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. కేసు తీసుకున్నాక, తానే వాదిస్తున్నట్టు తెలిపే ఈఓఐఆర్-28 ఫారం దాఖలు చేస్తాడు, దాని నకలు అడగండి.

ఒకవేళ ఆయన్ను నిర్బంధిస్తే, ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన తొమ్మిది అంకెల ఏ-నంబరు, పుట్టిన దేశం కొట్టి ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ పోలీసు విభాగం) డిటెయినీ లొకేటర్ వెబ్‌సైటులో ఎక్కడున్నారో మీరే ఇక్కడి నుంచి చూడవచ్చు. ఆ నంబరు ఇవాళే రాసి పెట్టుకోండి. బాండు (విడుదలకు కట్టే పూచీ సొమ్ము) ఇస్తే కనీసం 1,500 డాలర్లు, అక్కడ చట్టబద్ధంగా ఉండే మనిషే కట్టాలి, కేసయ్యాక తిరిగొచ్చేదీ కట్టినవారి పేరునే. ఆ స్నేహితుడెవరో ముందే మాట్లాడుకోండి. లోపల ఏ కాగితం మీదా లాయరు చూడకుండా సంతకం వద్దు. రిమూవల్‌కు ఒప్పుకున్నట్టు రాసి ఉండే పత్రాలూ వాటిలో ఉంటాయి. రిమూవల్ అయితే మామూలుగా 10 ఏళ్లు తిరిగి రావడానికి లేదు. అగ్రవేటెడ్ ఫెలనీ అయితే జీవితాంతం.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బీ మీద ఉన్నాడు. తాగి కారు నడిపాడని అరెస్టు చేసి మరుసటి రోజు వదిలారు. ఇప్పుడు వీసా రద్దయిందని ఈమెయిల్ వచ్చింది. వెంటనే వచ్చేయమనాలా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: కంగారుపడి టికెట్ కొనకండి. వీసా అంటే గుమ్మంలోకి రానిచ్చే చీటీ, లోపల ఉండే హక్కు ఐ-94తో. రద్దు ఎప్పటినుంచి అమలో ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది. దేశం విడిచినప్పటి నుంచి అని ఉంటే, కదిలితేనే ముప్పు: మళ్లీ వెళ్లాలంటే కొత్త వీసా, దానికి ముందు కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర పరీక్ష. మొదటిసారి, ఎవరికీ దెబ్బ తగలని మామూలు డీయూఐ (తాగి నడిపిన) కేసు సాధారణంగా నైతిక పతనం నేరం కాదు. లైసెన్సు సస్పెండై ఉండగా నడిపినా, కార్లో పసిపిల్లలున్నా, జేబులో గంజాయి దొరికినా లెక్క మారుతుంది. ఉద్యోగం పోతే 60 రోజుల గ్రేస్ గడువు, ఐ-94 అంతకుముందే ముగిస్తే అంతవరకే. కోడలు భార్యగా హెచ్-4 వీసా మీద ఉంటే ఆమె గడియారమూ అదే.

ప్రశ్న: మా ఇంటాయన కువైట్‌లో డ్రైవరు. కేసులో జైలు పడింది, తర్వాత దేశం నుంచి పంపించేస్తారంట. మళ్లీ పోయేదానికి వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మా, కువైట్‌లో డిపోర్టేషన్ రెండు రకాలు. ఒకటి కోర్టు తీర్పులోనే రాసేది, రెండోది అక్కడి హోం శాఖ వేసేది. తీర్పులో ఉంటే ఎత్తివేయించడం చాలా కష్టం. వేలిముద్రలు తీసుకునే పంపుతారు కాబట్టి పేరు మార్చి కొత్త పాస్‌పోర్టుతో పంపిస్తామనే ఏజెంటు మాట నమ్మితే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి. ముందు అరబిక్ తీర్పు నకలు తెప్పించండి, అప్పీలుకు గడువు తక్కువ. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో పాస్‌పోర్టు నంబరుతో ఫిర్యాదు నమోదు చేస్తే అది కువైట్‌లోని మన ఎంబసీకి చేరుతుంది. ఇంకా చాలాకాలం శిక్ష మిగిలి ఉంటే, ఆయన ఒప్పుకుంటే, 2013లో కువైట్‌తో కుదిరిన ఖైదీల మార్పిడి ఒప్పందం కింద మిగతా శిక్షను మన దేశపు జైల్లో అనుభవించేలా దరఖాస్తు పెట్టవచ్చు. రెండు ప్రభుత్వాలూ సరేననాలి, నెలలు పడుతుంది. అక్కడ ఆయన పేరున అప్పు కేసు గానీ, కట్టని జరిమానా గానీ ఉంటే శిక్ష ముగిసినా విమానం ఎక్కనివ్వరు. అదేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టు గడువు తీరి ఉంటే ఎంబసీ ఒకవైపు ప్రయాణానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. దానికి పాత పాస్‌పోర్టు జిరాక్సు, మీ దగ్గరున్న ఆయన ఆధార్ కాపీ పనికొస్తాయి.