కాంక్రీట్ ఓడల మీద మోజుంటే తప్పేంటి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కాంక్రీట్‌తో ఓడలు, సబ్‌మెరైన్లు కట్టే వీడియోలు చూసి నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్) చదువుతానంటున్నాడు. అందరూ చేరేది సీఎస్ఈ ఏఐలోనే కదా, మేమూ మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు సర్దుకున్నాం. రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, గాజువాక

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీవాడివి గాలి కబుర్లు కావు. 1918లోనే కాలిఫోర్నియాలో 'ఫెయిత్' అనే కాంక్రీట్ ఓడ నీళ్లలో దిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్టీలు కరువై అమెరికా ఫ్లోరిడాలోని టాంపాలో 24 కాంక్రీట్ ఓడలు కట్టించింది. మన స్లాబ్‌లాగే చువ్వలు అల్లి కాంక్రీట్ పోయడమే. చిక్కంతా గోడ మందంతో. ఓడ సొంత బరువు పెరిగితే మోసే సరుకు తగ్గుతుంది. అందుకే స్టీలు దొరకగానే మానేశారు. ఇక సబ్‌మెరైన్ సంగతి. లోతుకు వెళ్లేకొద్దీ నీరు అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది, ఆ నొక్కుడును కాంక్రీట్ బాగా తట్టుకుంటుంది. అమెరికా నేవీ ల్యాబ్ కాంక్రీట్ గోళాలను పరీక్షించింది కూడా. అయినా నేవీలు స్టీలునూ టైటానియంనూ వదల్లేదు. కాబట్టి ఆ ఒక్క ఉద్యోగం కోసమే చదవొద్దని అబ్బాయికి చెప్పండి. అయితే నార్వే దగ్గర సముద్రంలో హైవిండ్ టాంపెన్ అనే పవన విద్యుత్ కేంద్రంలో 11 గాలిమరలు నిలబడింది తేలే కాంక్రీట్ పునాదుల మీదే. ఆ విద్యకు పని ఉంది.

నాకు అసలు అనుమానం మీ ఏఐ సీటు మీద. సీట్లు పెంచుకుంటూ పోతున్న కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లెవరో కనుక్కున్నారా? ల్యాబ్ చూశారా? కోడింగ్ ఇష్టం లేని పిల్లలు బ్యాక్‌లాగ్‌లు మోసుకుని నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. 'అందరూ' అని రాశారు గానీ, అబ్బాయికి ఫిజిక్స్ ఎలా వస్తుందో ఒక్క ముక్క రాయలేదు. చదవాల్సింది వాడండీ, మీ పక్కింటివాళ్లు కాదు.

నేవల్ ఆర్కిటెక్చర్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఉండవు, అది నిజం. కానీ కోర్సు మీ ఊళ్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవీ ఆయుధాల మీద పరిశోధన చేసే ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ కూడా మీకు దగ్గరే. నిర్మాణం మీదే మనసుంటే సివిల్ చదివి, ఎంటెక్‌లో ఓషన్ ఇంజినీరింగ్ తీసుకోవచ్చు.

కాంక్రీట్ నీటికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. మరి ఓడ ఎలా తేలుతుందో ఈ ఆదివారం వాణ్ని కాగితం మీద లెక్క వేసి చూపించమనండి. పక్కన కూర్చుని చూడండి. గంటసేపు తల ఎత్తకుండా వేస్తే ఆ కోర్సులోనే చేర్పించండి. విసుక్కుంటే నాకు మళ్లీ రాయండి, వేరే దారులు మాట్లాడుకుందాం.