బొందు వదులుగా కట్టుకో, చిట్టీ

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి,
పిన్ని ఆశీస్సులు.

జూన్ నుంచి నువ్వు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన ఇంటి ఆడపిల్లల్లో ఎమ్మెస్సీ దాకా వెళ్ళింది నువ్వే. పెళ్ళై, ఇద్దరు పిల్లల తల్లివయ్యాక ఆ చదువునంతా అటకెక్కించేశావేమోనని లోలోపల బాధపడుతూ ఉండేదాన్ని. ఆ సంతోషం తనివితీరా అనుభవించకముందే మీ అమ్మ రెండో సంగతి చెప్పింది. పొట్ట కనిపిస్తోందని రాత్రి భోజనం మానేశావట. కాన్పు అయ్యాక వాడిన పొట్ట పట్టీని బీరువాలోంచి తీసి పగలంతా బిగించుకుంటున్నావట. పైగా, అప్పటికి ఎలాగూ తగ్గుతానని కొత్త జాకెట్లు రెండంగుళాలు తక్కువకే కుట్టించావట.

ఎవరి కోసం కుట్టించావే ఆ జాకెట్లు? పూర్ణా మార్కెట్ దగ్గర సందులో ఇన్నేళ్ళు మిషను తొక్కినదాన్ని, ఒక్క మాట నన్ను అడగలేదు. "కాస్త బిగుతుగానే కుట్టండి, ఈలోపు తగ్గిపోతాను" అన్నవాళ్ళను ఎందరినో చూశాను. ఆ జాకెట్లు పెళ్ళిరోజు పొద్దున్నే నా దగ్గరికి తిరిగి వచ్చేవి, చంకల కింద పిగిలిపోయి. అందుకే ఎవరు ఏ కొలత చెప్పినా కుట్టు లోపల రెండు పక్కలా అంగుళం గుడ్డ వదిలేదాన్ని.

రాత్రి అన్నం తిను. పాఠం చెప్పేవాళ్ళకు గొంతులో బలం ఉండాలి. మన దేశపు ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, బీపీ చూపించుకోమంటారు డాక్టర్లు. ఒకసారి వెళ్ళి చూపించుకో. కాన్పుల తర్వాత పొట్ట మధ్య కండరాలు విడిపోయి కొందరికి అలాగే ఉండిపోతాయి. అది ఉపవాసాలతో తగ్గేది కాదు. దానికి ఫిజియోథెరపీవాళ్ళు నేర్పే వ్యాయామాలున్నాయి.

ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా చదువు. ఇది నీకు రాయమని మీ అమ్మే అంది. తనకు చెప్పడానికి నోరు రావడం లేదట.

మీ తమ్ముడు పుట్టాక మీ అమ్మ తిరిగి ఉద్యోగానికి వెళ్ళింది. ఓడరేవు దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టు. నడికట్టు విప్పినప్పటి నుంచే పొట్ట జారిపోయిందన్న దిగులు పట్టుకుంది. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ ఎవరో, లంగా బొందు గట్టిగా బిగిస్తే పొట్ట లోపలికి పోతుందని చెప్పింది. అంతే. పొద్దున్నే ఊపిరి బిగబట్టి, బొందును రెండు చేతులతో లాగి ముడి వేసేది. నిలబడి బిగించిన బొందు కూర్చుంటే మాంసంలోకి దిగుతుంది, ఎందుకంటే కూర్చున్నప్పుడు పొట్ట ముందుకూ పక్కలకూ పరుచుకుంటుంది. టైపు మిషను ముందు ఆమె సాయంత్రం దాకా కూర్చునే ఉండేది. దాని మీద సింథటిక్ చీర. దాని మీద మన విశాఖ ఉక్కపోత.

మొదట బొందు పడిన చోట ఎర్రటి గీత. తర్వాత అది నల్లటి చార అయింది. తర్వాత పొలుసులు, దురద. కొబ్బరినూనె రాసి, పౌడరు చల్లి, దాని మీదే మళ్ళీ కట్టేది. ఎవరికీ చెప్పలేదు. ముడి పడే కుడి పక్కన చర్మం చిట్లి పుండు పడింది. మానినట్టే మాని మళ్ళీ రేగేది. ఒకరోజు కొత్త లంగా కోసం కొలత తీద్దామని నేను టేపు చుట్టబోతే కెవ్వుమంది. అప్పటి దాకా సొంత చెల్లెలికి కూడా తెలియదు.

చర్మం డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ఆయన పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించారు. ఎందుకండీ అంటే, ఏళ్ళ తరబడి మానని పుండు ఒక్కోసారి క్యాన్సరుగా మారవచ్చు అన్నారు. ఆ కాగితం వచ్చేదాకా మా ఇద్దరికీ అన్నం సహించలేదు. మిమ్మల్నిద్దరినీ చూసి మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. దేవుడి దయ, అది కాదని తేలింది. మందుల కంటే ముందు ఆయన చెప్పింది, ఇక నడుముకు తాడు తగలకూడదని. అప్పటి నుంచి మీ అమ్మ లంగాలన్నీ వెడల్పు పట్టీలతో నేనే కుడుతున్నాను. పుండు మానింది, మచ్చ మిగిలింది. చిన్నప్పుడు ఆ మచ్చ ఏమిటని నువ్వు అడిగితే వేడినీళ్ళు ఒలికాయని చెప్పింది కదా. ఒలకలేదు తల్లీ.

అందరికీ అంత తేలిగ్గా గండం గడవలేదు. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్రలోని వార్ధా, బీహారులోని మధుబని ఊళ్ళ డాక్టర్లు కలిసి, తమ దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళ గురించి రాశారు. ఇద్దరిదీ డెబ్బై దరిదాపు వయసు. ఒకావిడకు నడుము పక్కన పుండు 18 నెలలు మానలేదు, ఇంకొకావిడకు 2 ఏళ్ళు. పరీక్షిస్తే ఇద్దరికీ చర్మ క్యాన్సరు. రెండో ఆవిడ లోపల లంగా కూడా కట్టేది కాదు, చీరనే నడుముకు బిగించి చుట్టుకునేది. ఆవిడకు గజ్జలోని గ్రంథికి కూడా పాకింది. ఇలా కావడం అరుదే, నాకూ తెలుసు. అయినా మీ అమ్మ కెవ్వుమన్న అరుపు విన్నదాన్ని కనుక, నువ్వు పట్టీ బిగిస్తున్నావంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆ పట్టీ రోజంతా ఉంటే తిన్నది గొంతులోకి ఎగదన్నుతుంది, కొందరికి తొడ పక్కన తిమ్మిరి కూడా పడుతుంది. ఇవాళే విప్పెయ్యి.

చీర అందం సగం లంగాలోనే ఉంది. నడుము దగ్గర గుడ్డ కుప్పపడకుండా ఆరు ముక్కలు కలిపి కుట్టినది కావాలి. మూడంగుళాల వెడల్పు పట్టీ, పక్కన రెండు వరుసల హుక్కులు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక వరుస వదులు చేసుకోవచ్చు. కొలత కూర్చుని ఇవ్వాలి. కూర్చున్నప్పుడు పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి. పొట్ట కిందికి జార్చి కట్టకు. అలా కడితే పొట్ట పట్టీ మీదికి వాలి మరింత పెద్దదిగా కనిపిస్తుంది. బొడ్డు ఎత్తున కడితే చీర అక్కడి నుంచి నిటారుగా కిందికి జారుతుంది. కుచ్చిళ్ళు బొడ్డు మీద కుప్పగా దోపకు. వెడల్పుగా ఐదారు వేసి, పిన్ను పెట్టి, కాస్త ఎడమగా దోపి, లోపలి మడతలను వేళ్ళతో పరుచుకో.

కొత్త మంగళగిరి చీర గంజి బిగువుతో పొట్ట ముందు గొడుగులా విచ్చుకుంటుంది. మొదటి రోజే అది కట్టకు. రెండు ఉతుకులు పడ్డాక ఒంటికి ఒదుగుతుంది. జీతం వచ్చాక పొందూరు ఖద్దరు ఒకటి కొనుక్కో. శ్రీకాకుళం జిల్లాలో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసే ఆ గుడ్డ ఎంత పలుచగా, ఎంత చల్లగా ఉంటుందో కడితే తెలుస్తుంది. జార్జెట్టు మాత్రం మనకు వద్దు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో నిలబడి వచ్చేసరికి చెమటకు ఒంటికి అతుక్కుని ప్రతి మడతా చూపిస్తుంది. ఇంటికి రాగానే కడుక్కుని, పొట్ట మడతలో తడి లేకుండా తుడుచుకో. అక్కడ చెమ్మ నిలిస్తే ఒరిసిపోతుంది, తామర పట్టుకుంటుంది.

జాకెట్టు సంగతి. బోర్డు మీద రాయడానికి నువ్వు రోజూ చెయ్యి పైకెత్తుతావు. అప్పుడు జాకెట్టు పైకి లేచిపోకూడదు. పొడవు ఒక అంగుళం పెంచాలి, చంక దగ్గర కాస్త ఎక్కువ గుడ్డ ఉండాలి. అద్దం ముందు నిలబడి, గోడ మీద రాస్తున్నట్టు చెయ్యి ఎత్తి చూసుకో. వంగి సుద్దముక్క తీసుకుని చూసుకో. ఇబ్బంది లేకపోతే ఇక క్లాసులో దాని ధ్యాసే ఉండదు. చుడీదార్ వేసుకునే రోజుల్లో పొట్టకు సరిపోయేది కొను, భుజాలు జారితే నేను సరిచేస్తాను. పక్క చీలికలు పొట్ట దాటాకే మొదలవ్వాలి. ప్యాంటుకు బొందు తీసేసి వెడల్పు ఎలాస్టిక్ వేయించుకో.

ఇక మనుషులు. స్టాఫ్ రూములోనో, బస్సులోనో ఎవరో ఒకరు నీ పొట్ట వంక చూసి "విశేషమా అమ్మా?" అంటారు. నన్నూ అడిగేవారు, మీ అమ్మనూ అడిగేవారు. "లేదండీ" అని ఊరుకో. సంజాయిషీ చెప్పకు, పైట సర్దుకోకు. ఇద్దరు బిడ్డలను మోసిన పొట్ట అది. దాని మీద ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వే దాన్ని శత్రువులా చూస్తుంటే మాత్రం గుండె తరుక్కుపోతుంది.

ఈ ఆదివారం పిల్లలను వాళ్ళ నాన్న దగ్గర వదిలి నా దగ్గరికి రా. ఆ జాకెట్లు పట్టుకురా. లోపల గుడ్డ వదిలి ఉంటే విప్పి కుడతాను, లేకపోతే చంకల కింద ముక్క వేస్తాను. పాత లంగాలన్నీ తీసుకురా. ఆ పొట్ట పట్టీ కూడా తెచ్చి నాకు ఇచ్చెయ్యి. ఖాళీ కడుపుతో వచ్చి నిలబడకు. ఉప్మా చేసి ఉంచుతాను, అది తిన్నాకే నీకు కొలతలు తీస్తాను.

ప్రేమతో,
మీ పిన్ని