మామూలు గోదాము షెడ్డుని కోల్డ్ స్టోరేజ్‌గా మార్చొచ్చా?

మార్చొచ్చు గానీ, పెద్ద ఏసీ పెట్టేస్తే అయిపోద్ది అనుకుంటే మాత్రం ఆ డబ్బులు బూడిదలో పోసిన పన్నీరే. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో లోపల సుమారు 5–8 డిగ్రీలు ఉంచుతారు, మే నెలలో బయటేమో 42, 43, దాంతో వేడితో పాటు గాల్లో తేమ కూడా లోపలికి తోసుకొస్తానే ఉంటది. అందుకే పఫ్ ప్యానెల్ (వేడిని ఆపడానికి మధ్యలో ఫోమ్ నింపిన గోడ పలక) మందం ఒక్కటే చూస్తే చాలదు, జాయింట్లు చూడాలి. ఆవిరిని ఆపే షీటు ఎప్పుడూ వేడిగా ఉండే బయటివైపే రావాలి, లోపలివైపు వేస్తే తేమ ఇన్సులేషన్‌లో ఇరుక్కుని నీళ్లయిపోద్ది, ఇక అది ఉన్నా లేనట్టే. మిర్చికైతే ఆ తేమతో బూజు కూడా.

రొయ్యలకైతే కథే వేరు. మైనస్ 18 ఇంకా కిందకి కాబట్టి చలి నేలలోకి దిగి, మట్టిలో తేమ గడ్డకట్టి ఫ్లోరునే పైకి లేపేస్తది! అందుకని స్లాబు కింద ఇన్సులేషన్, దాని కింద గాలి తిరిగే పైపులు గానీ హీటర్ వైర్లు గానీ వేస్తారు. పాత షెడ్డులో ఇది చేయాలంటే ఫ్లోరు పగలగొట్టాల్సిందే, నన్నడిగితే ఫ్రీజర్‌కి కొత్తది కట్టుకోవడమే మేలు.

ఇంకోటి, పాత ట్రస్సులు (పైకప్పుని మోసే ఫ్రేములు) చాలావరకు రేకుల బరువుకే లెక్కేసినవి, కూలింగ్ యూనిట్లు వేలాడదీసే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి.