అప్‌గ్రేడ్ మధ్యలో "ఈజ్ నాట్ ఎ సింబాలిక్ లింక్" అని వస్తే ఆపెయ్యాలా?

మీ షాపు కంప్యూటర్ని ఉబుంటు లినక్స్ 20.04 నుంచి 22.04కి మారుస్తుంటే, ఎల్‌డీకాన్ఫిగ్ (లైబ్రరీల లింకులు సరిచూసే ప్రోగ్రాం) నుంచి, ఏదో లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే ఫైలు) "ఈజ్ నాట్ ఎ సింబాలిక్ లింక్", అంటే ఇంకో ఫైలుని చూపించే లింకు కాదు, అన్న లైను పదే పదే వస్తోందని రాశారు. అప్‌గ్రేడ్ ఆపెయ్యాలా, ఆ ఫైలు తీసెయ్యాలా అని అడిగారు.

రెండూ వద్దండీ. అది వార్నింగే, ఎర్రర్ కాదు. అప్‌గ్రేడ్ దాని మానాన అది సాగుతుంది. టెన్షన్‌లో పవర్ బటన్ నొక్కితేనే అసలు తలనొప్పి మొదలవుతుంది. కొత్త లైబ్రరీలు దిగినప్పుడల్లా సిస్టమ్ ఎల్‌డీకాన్ఫిగ్‌ని నడుపుతుంది, అందుకే అదే లైను మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎన్నిసార్లు వచ్చినా సమస్య ఒకటే.

నేను అమలాపురంలో కంప్యూటర్లు రిపేరు చేస్తుంటాను. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి బిల్లింగ్ సిస్టమ్‌లో అచ్చం ఇదే చూశాను. ఫైళ్ల వివరాలు చూపించే ఎల్ఎస్ -ఎల్ కమాండ్ కొడితే, లైను మొదట్లో "ఎల్" అక్షరం, చివర బాణం గుర్తు ఉండాల్సిన పేరు దగ్గర మామూలు గీత ఉంది. పక్కనే పొడుగు వెర్షన్ నంబరుతో ఇంకో ఫైలు, రెండూ బైటు తేడా లేకుండా ఒకే సైజు. ప్రింటర్ డ్రైవర్‌ని ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కాపీ చేశారు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫ్యాట్ ఫార్మాట్‌లో సింబాలిక్ లింకులు ఉండవు కాబట్టి లింకు చోట రెండో నకలు వచ్చి కూర్చుంది. అలా వదిలేస్తే, రేపు కొత్త వెర్షన్ పక్కన దిగినా ప్రోగ్రాములు పాత నకలునే తెరుస్తాయి.

కాబట్టి అప్‌గ్రేడ్ పూర్తయ్యాక, దేన్నీ ముట్టుకోకముందే, ఆ ఫైలు ఏ ప్యాకేజీదో కనుక్కోండి. ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీ -ఎస్ (పెద్ద ఎస్) కొట్టి, పూర్తి దారి (పాత్) కాకుండా ఫైలు పేరు ఒక్కటే ఇవ్వండి. ఇది చాలామందికి తెలియక బోల్తా పడతారు: 22.04లో లిబ్ ఫోల్డర్ యూఎస్ఆర్‌లోని లిబ్‌కి లింకే, కానీ కొన్ని ప్యాకేజీలు ఇంకా పాత దారితోనే నమోదై ఉంటాయి. పూర్తి దారి ఇస్తే, సిస్టమ్‌కి ప్రాణమైన ఫైలుని కూడా "ఎవరిదీ కాదు" అన్నట్టు చూపిస్తుంది. అది నమ్మి తీసేస్తే అంతే సంగతులు.

ప్యాకేజీ పేరు వస్తే, ప్యాకేజీలు దించే ఆప్ట్ కమాండ్‌తో రీఇన్‌స్టాల్ చేయండి. ఏ ప్యాకేజీదీ కాకపోతే, అసలు ఫైలు పక్కనే ఉందని చూసుకుని, నకలుని డిలీట్ చేయకుండా హోమ్‌లోని ఒక ఫోల్డర్‌కి జరపండి. తర్వాత సుడో ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే లింకుని అదే తయారుచేసుకుంటుంది. మీరు ఎల్ఎన్ కమాండ్‌తో లింకు కట్టక్కర్లేదు. చివరగా ఆ లైబ్రరీ వాడే ప్రోగ్రాం మీద ఎల్‌డీడీ (దానికి కావాల్సిన లైబ్రరీలు చూపించే కమాండ్) కొట్టి, ఎక్కడా "నాట్ ఫౌండ్" లేదని చూసుకోండి.

వార్నింగులో ఉన్న పేరు లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 6 (దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడే మూల లైబ్రరీ) అయితే మాత్రం చెయ్యి పెట్టకండి. అది కదిలితే ఎల్ఎస్, సీపీ లాంటి చిన్న కమాండ్లు కూడా నడవవు, సరిదిద్దుకోవడానికి లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) కావాలి.

నేను నిజంగా భయపడేది ఇంకో లైనుకి: "ఈజ్ ఎంప్టీ, నాట్ చెక్డ్". ఫైలు సున్నా బైట్లు ఉందని అర్థం. మన కోనసీమలో గాలివానకి కొబ్బరిమట్ట తీగల మీద పడి కరెంటు పోతే, సగం రాసిన ఫైళ్లు ఇలాగే మిగులుతాయి. అప్పుడు, సగంలో ఆగిన ప్యాకేజీల్ని పూర్తిచేసే డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ నడిపి, ఖాళీ ఫైలు ఏ ప్యాకేజీదో దాన్ని రీఇన్‌స్టాల్ చేయాలి. యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ మీద ఇంత పెద్ద అప్‌గ్రేడ్ మొదలుపెట్టకండి.

స్క్రీన్ మీద లైన్లు జారిపోయినా, వార్ లాగ్‌లో డిస్ట్-అప్‌గ్రేడ్ అనే ఫోల్డర్‌లో అన్నీ ఉంటాయి. మీ ఫైలు పేరు, డీపీకేజీ ఇచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి, ఏది జరపాలో చూసి చెప్తాను.